పటానికెక్కని పేర్లు

ఈ దసరా తర్వాత వచ్చిన ఆదివారం మా పుట్టింటి బలగమంతా ఖాజాగూడలో కలిసింది. మాది సూర్యాపేట దాటి లోపలికి పోతే వచ్చే పల్లె. అయినా కలుసుకునేందుకు ఊరికి పోలేదు. అక్కడ మా వాకిళ్లన్నింటికీ ఇప్పుడు తాళాలే. పిల్లలు ఎక్కడుంటే పెద్దలు అక్కడికి పోవాల్సిన కాలమిది. మా అన్నదమ్ముల పిల్లలు, వాళ్ల మేనత్తల పిల్లలు గచ్చిబౌలి, మణికొండ, నానక్‌రామ్‌గూడ, రాయదుర్గం చుట్టుపక్కలే కాపురాలు పెట్టారు. 1998లో సైబర్ టవర్స్ తెరిచేనాటికి ఖాజాగూడ శేరిలింగంపల్లి మండలంలో చెరువూ గుట్టా ఉన్న ఒక పల్లె. ఇప్పుడు ఆ గుట్టకు ఎదురుగా అంతస్తుల మీద అంతస్తులు. ఔటర్ రింగు రోడ్డు దగ్గరే కాబట్టి ఖమ్మం వాళ్లూ, నిజామాబాద్ వాళ్లూ నగరం రద్దీలోకి దిగకుండానే వచ్చేశారు. తమ్ముడి కొడుకు తనుండే అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్ మాట్లాడిపెట్టాడు.

పొద్దున్నే పెద్దవాళ్ల చేతుల్లో జమ్మి ఆకు పెట్టి కాళ్లకు మొక్కడం, అలాయ్ బలాయ్ తీసుకోవడం అయ్యాయి. ఆ తర్వాత గదంతా ఒకటే ప్రశ్న. "నువ్వెవరి బిడ్డవు?" ఇరవై దాటిన పిల్లలకు ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టమైంది. తల్లిదండ్రుల పేర్లు చెప్తే అడిగినవాళ్లకు సరిపోదు. "మీ తాత ఎవరు? పెద్దింటి తాతా, నడిపింటి తాతా?" అని ఇంకో మెట్టు పైకి పోతారు. అక్కడికొచ్చేసరికి చాలామంది పిల్లలు అమ్మవైపో నాన్నవైపో చూశారు. తాత పేరు తెలుసు, తాత తండ్రి పేరు తెలియదు. నాయనమ్మను "నాయనమ్మా" అని పిలిచారేగానీ ఆమెకొక పేరుందని కొందరికి ఆ రోజే తెలిసింది.

ఇది తెలిసే మా పెద్దనాయన కొడుకు ఎన్నో నెలలు కష్టపడి ఒక వంశవృక్షం తయారుచేసి, పెద్ద ఫ్లెక్సీ మీద అచ్చువేయించి గోడకు కట్టించాడు. ఆరు తరాల పేర్లు. అందరం దాని ముందు నిలబడి ఫొటోలు దిగాం. మా మేనత్తకు తొంభై దగ్గరపడింది, చదువురాదు. మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ పేర్లన్నీ పైనుంచి కింది దాకా చదివించుకుంది. చదవడం అయ్యాక, "గీ పటంల మా అక్క పేరు రాలేదేంది బిడ్డా?" అన్నది.

అప్పుడు అందరం మళ్లీ చూశాం. అక్క పేరే కాదు, మేనత్త పేరూ లేదు. నా పేరు లేదు. ఆ ఇంట్లో పుట్టి ఇంకో ఇంటికి పోయిన ఏ ఆడపిల్ల పేరూ అందులో లేదు. కోడళ్ల పేర్లు మాత్రం కొన్నిచోట్ల భర్తల పక్కన చిన్న అక్షరాల్లో ఉన్నాయి. మా అన్నను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. అతనికి దొరికిన ఆధారాలన్నీ అలాగే ఉన్నాయి. ఆ ఆధారాల గురించీ, వాటిలో ఎక్కనివాళ్ల గురించీ ఈ రోజు మీతో మాట్లాడాలనుకున్నాను.

తెలంగాణలో ముత్తాతల పేర్లు వెతికేవాళ్లు ముందుగా పోయేది భూమి కాగితాల దగ్గరికి. 1954-55 నాటి ఖాస్రా పహాణీ చాలా కుటుంబాలకు మొదటి మెట్టు. అంతకుముందు సేత్వార్లనే భూమి దస్త్రాలు. వాటిలో పట్టేదారు పేరు, "వల్ద్ ఫలానా" అని అతని తండ్రి పేరు ఉంటాయి. ఒక్క వరుసలో రెండు తరాలు దొరికినట్టే. తండ్రి పోయి కొడుకుల పేరు మీదికి విరాసత్ అయితే మూడో తరం కూడా దొరుకుతుంది. కానీ కాగితం భూమి వెంట నడుస్తుంది, భూమి కొడుకుల వెంట నడిచింది. ఆడవాళ్లు ఆ కాగితంలోకి వచ్చింది చాలావరకు భర్త పోయాకనే. కాబట్టి పహాణీలు చూసి వంశవృక్షం గీస్తే అది భూమి నడిచిన దారి అవుతుంది. మనుషులు నడిచిన దారి కావాలంటే మరోచోట వెతకాలి.

ఈ సంగతి ఖాజాగూడలో మాట్లాడుకోవడంలో ఒక ఇబ్బంది కూడా ఉంది. మధ్యాహ్నం మేం పేర్లు రాయడం మొదలుపెడితే మా దాయాదుల్లో ఒక పెద్దమనిషి, "ఇవన్నీ ఎందుకు రాస్తున్నరు? ఏమన్న భూమి సంగతా?" అని అడిగాడు. ఆయన అడగడంలో వింత లేదు. ఇక్కడికి దగ్గర్లోని కోకాపేటలో 2023 ఆగస్టులో జరిగిన వేలంలో ఎకరం ధర వంద కోట్లు దాటింది. ఇలాంటి చుట్టుపక్కల ఒక మనిషి తాత పేరు అడిగాడంటే వెనకాల సర్వే నంబరు ఉంటుందని జనం అనుకోవడం సహజం. వంశవృక్షం అనేమాట వాళ్లు విన్నది వకీళ్ల నోటనే.

అయితే చట్టం దారి కూడా ఇప్పుడు ఆడపిల్ల పేరు రాయకుండా పోయేది కాదు. ఎన్.టి.రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. తండ్రి ఆ నాటికి బతికి ఉన్నా లేకున్నా కూతురికి హక్కు ఉంటుందని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చిచెప్పింది. అంటే కోర్టు అడిగే వంశవృక్షంలో కూతుళ్లు ఉండితీరాలి. మనం పండుగ రోజున గోడకు కట్టుకున్న పటంలో మాత్రం వాళ్లు ఉండరా? ఆ పెద్దమనిషికి నేను ఇదే చెప్పాను. ఇది వాటాల లెక్క కాదనీ, ఎవరి పిల్లలెవరో మన పిల్లలకు తెలియడానికనీ చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, తన చెల్లెళ్ల పేర్లూ వాళ్ల అత్తగారి ఊళ్ల పేర్లూ తనే చెప్పి రాయించాడు.

కాగితం లేని కాలంలో కుటుంబాల పేర్లు నోళ్లలో బతికాయి. ఆ పని చేయడానికి మన దగ్గర ప్రత్యేకంగా మనుషులుండేవారు. రెడ్లకు, వెలమలకు, కమ్మవారికి పిచ్చకుంట్లవారు ఇంటింటికీ వచ్చి గోత్రాలు, పెద్దల పేర్లు చెప్పేవారు. వాళ్లనే ఇప్పుడు వంశరాజులంటున్నాం. పద్మశాలీలకు కూనపులివారు, గొల్లలకు మందహెచ్చులు, మాదిగలకు డక్కలివారు, ఆదిలాబాద్ రాజగోండులకు ప్రధానులూ తోటీలూ ఆయా కులాల, తెగల పుట్టుక కథలు చెప్పేవారు. కొందరు పొడవాటి పటం విప్పి బొమ్మ బొమ్మకూ పాడేవారు. చేర్యాల చిత్రకారులు ఆ పటాలు వేసింది వాళ్లకోసమే. పంట ఇంటికొచ్చే వేళకు వాళ్లు వచ్చేవారు, వాళ్ల వాటా వాళ్లకు ముట్టేది. పల్లెలో వ్యవసాయం కూలి జనం పట్నాలకు కదిలిపోయాక ఆ వాటా ఇచ్చే చేయి లేదు, పాడే గొంతుకు పని లేదు. ఖాజాగూడ పన్నెండో అంతస్తుకు వచ్చి గోత్రం చెప్పేవాడిని సెక్యూరిటీ వాళ్లు రిజిస్టరులో ఏమని రాసుకుంటారు?

ఆ గొంతు ఎంత లోతుగా తగులుతుందో 2023లో వచ్చిన 'బలగం' సినిమా చూపించింది. ఇంటి పెద్ద చనిపోయాక కాకి పిండం ముట్టడం లేదని కుటుంబమంతా కలవరపడే కథ అది. చివర్లో బుడగజంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడుతుంటే పల్లెల్లో వీధిలో తెరకట్టి చూసిన జనం బోరున ఏడ్చారు. ఆ పాటలో చనిపోయిన మనిషి చుట్టూ ఉన్న బంధువులంతా వరసతో సహా వస్తారు. నిజానికి వాళ్లు సినిమా కోసం నేర్చుకొచ్చింది కాదది. చావు జరిగిన ఇంటికి వెళ్లి ఆ ఇంటి మనుషులను పేరుపేరునా తలుచుకుంటూ పాడడం బుడగజంగాల వృత్తి.

ఇంకో రకంగా ఆలోచిస్తే, ప్రతి ఇంటికీ ఏడాదికొకసారి పేర్లు చెప్పుకునే రోజు ఒకటుంది. మా వైపు పెత్తరమాస అంటారు, భాద్రపద అమావాస్య. ఆ రోజు జంగమయ్యకో బాపనయ్యకో బియ్యం, కూరగాయలు ఇచ్చి పోయిన పెద్దల పేర్లు చెప్తారు. "పెద్దలకు బియ్యమిచ్చుడు" అని మా మాట. ఒక్కో చాటకూ ఒక్కో పేరు. తద్దినంలో తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాలే వస్తాయి. తర్పణాల్లో తల్లి, నాయనమ్మ, ఆమె అత్త పేర్లు కూడా ఉంటాయి, అమ్మవైపు తాతలూ ఉంటారు. మహాలయ పక్షంలో చేసే సర్వపితృ తర్పణంలోనైతే మేనత్త, పినతల్లి, అక్కచెల్లెళ్లు, కూతురు, అల్లుడు, బావమరిది, మేనల్లుడు, చదువు చెప్పిన గురువు, స్నేహితుడు అందరికీ చోటుంది. ఎవరి పేరు చెప్తే వాళ్ల గోత్రం కూడా చెప్పాలి. అంటే పెళ్లయి పోయిన మేనత్త ఏ ఇంట చేరిందో తెలిసి ఉంటేనే ఆమెకు నీళ్లు వదలగలం. మన పూర్వులు మగవరస ఒక్కటే పట్టించుకున్నారని తేల్చిపారేసేవాళ్లు ఈ జాబితాను ఒకసారి చదవాలి. పురోహితుడి పుస్తకంలో ఉన్న చోటు మన గోడ పటంలో లేకుండా పోయిందే!

పెత్తరమాస సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున పోయినవాళ్ల పేర్లు చెప్పిన ఇంట్లో సాయంత్రం పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలు పూలు పేర్చి ఆడతారు. నా చిన్నప్పుడు ఆ ఆట అయ్యాక అరుగుమీద కూర్చుని ఆడవాళ్లు మాట్లాడుకునే మాటలన్నీ ఇవే. ఎవరికెవరు పుట్టారు, ఎవరి కూతురిని ఎవరికిచ్చారు, ఎక్కడ సంబంధం తప్పిపోయింది, ఎవరు కానుపులో పోయారు. పటేలు పట్వారీల దగ్గర భూమి దస్త్రం ఉంటే, మనుషుల దస్త్రం ఆ అరుగుమీద ఉండేది. దాన్ని ఎవరూ రాయలేదు. రాయాల్సినదని ఎవరికీ తోచలేదు.

మళ్లీ మా మేనత్త అడిగిన మాటకొస్తాను. ఆ అక్క ఎవరో మాలో ఎవరికీ తెలియదు. అత్తను అడిగితే చెప్పింది. ఏ సంవత్సరం అని అడిగితే ఆమెకు తెలియదు. "పోలీసు యాక్షన్‌కు ముందుగాలే పెండ్లయింది. రజాకార్లు తిరుగుతుంటే ఎడ్లబండి మీద రాత్రిపూట సాగనంపిండ్రు" అన్నది. పోలీసు చర్య 1948 సెప్టెంబరులో. కాబట్టి పెళ్లి 1947 ప్రాంతంలో అయి ఉంటుందని మాకు అర్థమైంది. తిరుమలగిరి వైపు ఇచ్చారట. మొదటి కానుపులోనే పోయిందట, ఆడపిల్ల బతికిందట. ఆ అల్లుడు మళ్లీ పెళ్లి చేసుకున్నాక రాకపోకలు తగ్గి, మా తాత పోయాక పూర్తిగా ఆగిపోయాయి. ఇదంతా చెప్తూ ఆమె ఏడవలేదు. ఆ అక్క తనకు జడ ఎట్లా వేసేదో కూడా చెప్పింది.

ఆ పిల్ల ఏమైందని మా చిన్నవాళ్లు అడిగారు. అత్తకు తెలియదు. అప్పుడు మా చిన్నాయన భార్య, మా చిన్నమ్మ, అంతవరకూ ఒక మూల కూర్చుని వింటున్నావిడ, "తల్లిలేని పిల్ల, వాళ్ల నాయన ఇంకోపెండ్లి చేసుకున్నడు, గదేనా? ఆమెను మా పుట్టినూరికే ఇచ్చిండ్రు. మా వాడకట్టే" అన్నది! ఒకే ఇంట్లో ఇన్నేళ్లు కలిసి బతికిన ఇద్దరు ఆడవాళ్ల దగ్గర ఒకే మనిషి కథ చెరో సగం ఉంది. అడిగినవాళ్లు లేక రెండు సగాలూ కలవలేదు. ఆ వారంలోనే చిన్నమ్మ తమ్ముడి ద్వారా ఆమె మనవడి ఫోను నంబరు దొరికింది. అతను జనగామలో ఉంటాడు. మా అత్తతో మాట్లాడి "ముత్తవ్వా" అని పిలిచాడు.

ఇందులో నేను గ్రహించిందేమిటంటే, ఒక ఇంటి చరిత్ర ఆ ఇంట్లో పుట్టిన మగవాళ్లకంటే ఆ ఇంటికి వచ్చిన కోడళ్లకూ, ఆ ఇంటినుంచి పోయిన కూతుళ్లకూ ఎక్కువ తెలుసు. వాళ్లకు రెండేసి ఇళ్లు తెలుసు. అమ్మ పుట్టిల్లు కలిపితే మూడు.

మా అన్న కొడుకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సాయంత్రానికి మేం చెప్పిన పేర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తానని కూర్చున్నాడు. కాసేపటికి చిక్కుబడ్డాడు. మాలో మేనరికాలు ఎక్కువ. మా పెద్దమ్మ తన సొంత మేనమామనే చేసుకుంది. అంటే ఆమె తన అమ్మమ్మకు మనవరాలూ, కోడలూ. వాళ్ల పిల్లలకు ఒకే మనిషి తండ్రీ, అమ్మకు మేనమామా. కొమ్మలు విడివిడిగా పోతాయనుకుని చేసిన పటంలో ఇవి ఒకదాన్నొకటి దాటి వచ్చి కలుస్తాయి. మన కుటుంబాలు నులకమంచం అల్లికలాంటివి, ఏ పోగు ఎక్కడినుంచి వచ్చి ఎక్కడ దూరిందో కిందినుంచి కూడా చూడాలి. మేనమామతో పెళ్లిని 1955 హిందూ వివాహ చట్టం ఆచారం ఉన్నచోట ఒప్పుకుంది కూడా.

ఈ అల్లికను మన భాష ఎంత చక్కగా పట్టుకుందో చూడండి. నాన్న అన్నదమ్ములు పెదనాన్న చిన్నాన్నలు, అమ్మ అక్కచెల్లెళ్లు పెద్దమ్మ చిన్నమ్మలు. వాళ్ల పిల్లలంతా మనకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. మేనత్త, మేనమామల పిల్లలు మాత్రం బావలు, వదినలు, మరదళ్లు. ఎవరిని చేసుకోవచ్చో ఎవరిని కూడదో పిలుపే చెప్పేస్తుంది. అమెరికాలో లూయిస్ హెన్రీ మోర్గన్ అనే ఆయన ప్రపంచమంతటి బంధుత్వపు పిలుపులు సేకరించి 1871లో పెద్ద గ్రంథం వేశాడు. అందులో తమిళ, తెలుగు పిలుపుల పట్టికలున్నాయి. ఉత్తర అమెరికా మూలవాసులైన ఇరాక్వా జనం పిలుపులు వీటితో పోలి ఉండడం చూసి ఆయన ఆశ్చర్యపోయాడు. తర్వాత థామస్ ట్రౌట్‌మన్ 1981లో ద్రావిడ బంధుత్వం మీద ఒక పుస్తకమే రాశాడు. పండితులు అంతదూరం నుంచి చదువుకున్న లెక్క మన పిల్లల నోట అంకుల్, ఆంటీ అనే రెండు మాటల్లో కరిగిపోతోంది. క్లబ్‌హౌస్‌లో ఆ రోజు మేం పెట్టుకున్న ఒకే ఒక నియమం, ఎవరినీ అంకుల్, ఆంటీ అనకూడదని. వరస తెలియకపోతే అడిగి పిలవాలి. మధ్యాహ్నం బగారన్నం, మటన్ కూర వడ్డించే వేళకు పిల్లలు "పెద్దబాపూ, ఇంకొంచెం పచ్చిపులుసు పొయ్యాలా?" అంటుంటే ముసలివాళ్ల ముఖాలు చూడాల్సిందే.

మేనరికాల మాట వచ్చింది కాబట్టి ఆరోగ్యం సంగతి కూడా చెప్పాలి. మా చెల్లెలి కూతురు డాక్టరు. ఎవరెవరు ఏ జబ్బుతో, ఏ వయసులో పోయారో పేర్ల పక్కన రాయించింది ఆమే. హైదరాబాద్‌లోనే ఉన్న సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్‌లు, అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి 2009లో మన జనాల వారసత్వం మీద ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు. చాలా సమూహాలు వందల నుంచి వేల ఏళ్లుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్నాయని అందులో తేలింది. 2017లో వచ్చిన మరో అధ్యయనం తెలుగు ప్రాంతాల వైశ్యుల్ని ఉదాహరణగా చూపింది. ఆపరేషన్‌కు ముందు కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందును విరగ్గొట్టే ఎంజైము లోపం వాళ్లలో మిగతావాళ్లకంటే దాదాపు వంద రెట్లు ఎక్కువ. ఆ లోపం ఉన్న మనిషికి ఆ మందిస్తే ఊపిరి తిరిగి సొంతంగా ఆడడానికి చాలాసేపు పడుతుంది. "మా మేనత్తకు ఆపరేషన్ తర్వాత తెలివి రావడానికి చాలా ఆలస్యమైంది" అన్న ఒక్క మాట కుటుంబంలో ఎవరికైనా గుర్తుంటే డాక్టరుకు అది విలువైన సమాచారం. ఈ లోపాలు తల్లివైపు నుంచీ వస్తాయి, తండ్రివైపు నుంచీ వస్తాయి. సగం పేర్లున్న పటం డాక్టరుకు కూడా సగమే పనికొస్తుంది.

ఆడవాళ్ల పేర్లు రాయకపోవడం మన ఇళ్లకే పరిమితం కాదు. 1951-52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికల్లో సుమారు 28 లక్షలమంది స్త్రీల పేర్లు ఓటర్ల జాబితానుంచి తీసేయాల్సి వచ్చింది. ఎక్కువగా ఉత్తరాదిలో. ఎందుకంటే వాళ్లు తమ పేరు చెప్పలేదు, ఫలానావారి భార్యననో, ఫలానావారి తల్లిననో చెప్పారు. అప్పటి ముఖ్య ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అలాంటి పేర్లు ఉంచడానికి ఒప్పుకోలేదు. పేరు చెప్పకపోతే ఓటు లేదన్నాక, తర్వాతి ఎన్నికలకు ఆ స్త్రీలు పేర్లతో వచ్చారు.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే దస్తావేజు ఒకటుంది. దాని గురించి చదివినప్పుడు నాకు మనసు కలుక్కుమంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. చెరకు తోటల్లో పనికి కూలీలను ఒప్పందం మీద అక్కడికి తీసుకుపోయిన మొదటి ఓడ అది. వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. 1911 దాకా అలా 1,52,184 మంది వెళ్లారు, అందులో మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచే. ప్రతి ఒక్కరికీ ఒక నంబరు. నంబరు పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు. ఆడవాళ్లకు కూడా విడిగా నంబరు, వాళ్ల తండ్రి పేరు, వాళ్ల పుట్టిన ఊరు. మనిషిని కూలి లెక్కలో పెట్టుకోవడానికి రాసిన క్రూరమైన కాగితం అది. ఆ కాగితం పట్టుకునే ఇప్పుడు దక్షిణాఫ్రికా తెలుగువాళ్ల మునిమనవలు విశాఖ, శ్రీకాకుళం వైపు పల్లెలకు వచ్చి తమవాళ్లను వెతుక్కుంటున్నారు. తమ ముత్తవ్వ ఏ ఊరి ఆడపడుచో వాళ్లు చెప్పగలరు. ఊళ్లోనే ఉండిపోయిన మనం మన ముత్తవ్వ పుట్టినూరు చెప్పగలమా? మేం ఆ గదిలో ఒకళ్లనొకళ్లం అడిగి చూసుకున్నాం. చెప్పగలిగినవాళ్లు చాలా తక్కువమంది.

అలెక్స్ హేలీ రాసిన 'రూట్స్'ను సహవాసి 'ఏడు తరాలు' పేరుతో తెలుగు చేస్తే తెలుగు పాఠకులు ఎంతగా గుండెకు హత్తుకున్నారో నా తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తొలినాళ్లలో వేసిన పుస్తకం అది. బానిసగా అమ్ముడుపోయిన ఒక ఆఫ్రికా యువకుడి సంతతి తమ మూలం మరిచిపోకుండా తరతరాలకూ చెప్పుకుంటూ రావడం ఆ కథ. ఆ పుస్తకం చదివి కన్నీళ్లు పెట్టుకున్న ఇళ్లలోనే నాయనమ్మలు తమ కథ చెప్పకుండా వెళ్లిపోయారు. వాళ్లను అడిగి కూర్చోబెట్టే తీరిక ఎవరికీ లేకపోయింది.

సాయంత్రం పిల్లలు గుట్టమీదికి పోదామన్నారు. కాళ్లు బాగున్నవాళ్లం వెళ్లాం. బాబా ఫకృద్దీన్ ఔలియా దర్గా ఉన్న గుట్ట అది. ఆ రాళ్ల మధ్యనే అనంత పద్మనాభస్వామి గుడి ఉంది. మా తమ్ముడి కోడలు చెప్పింది, సూఫీ దర్గాల్లో షజ్రా అని ఒకటుంటుందని. గురువు, ఆయన గురువు, ఆయన గురువు, అలా పైదాకా పేర్ల వరస. రక్తసంబంధం ఉన్నా లేకపోయినా చదువు ఎవరినుంచి ఎవరికి అందిందో ఆ వరస. తర్పణంలో గురువుకు చోటిచ్చినట్టే ఇదీ. మా పటంలో కూడా మా ఊరి బడిపంతులు పేరు రాయాలని మా పెద్దతమ్ముడు పట్టుపట్టాడు. మా ఇంటి ఆడపిల్లలను మొదటిసారి బడికి పంపమని మా తాతను ఒప్పించింది ఆయనే. రాశాం.

మీలో ఎవరైనా ఇలాంటి కలయిక పెట్టుకుంటే, మేం చేసి చూసినవి కొన్ని చెప్తాను. అచ్చువేసిన పటం కంటే గోడకు ఖాళీ కాగితం కట్టడం మేలు. పటం అచ్చయిందంటే ముసలివాళ్లు అది అయిపోయిన పని అనుకుని నోరు విప్పరు. ఇంట్లో అందరికంటే పెద్దవయసు స్త్రీని ముందు కూర్చోబెట్టండి. ఆమె పేరు, ఆమె తల్లి పేరు, ఆమె పుట్టింటి ఇంటిపేరు, పుట్టినూరు అడగండి. ఏ సంవత్సరం అని అడగకండి. నిజాం కాలమా, పోలీసు యాక్షన్ తర్వాతనా, మొదటిసారి ఓటు వేసిన ఏడా, నాగార్జునసాగర్ కట్టేటప్పుడా, దివిసీమ తుపాను ముందా అని అడగండి, టక్కున చెప్తారు. మైకు పెట్టి అందరి ముందు అడిగితే బెదురుతారు. పక్కన మనవరాలు కూర్చుని చేయి పట్టుకుని అడిగితే ఫోను తనంతట తాను రికార్డు చేసుకుంటుంది. ఇద్దరు ముసలమ్మలను కలిపి కూర్చోబెడితే ఇంకా మంచిది, ఒకరు మరిచింది ఒకరు అందుకుంటారు. చిన్నతనంలోనే పోయిన పిల్లల్ని కూడా రాయండి. వాళ్ల గురించి చెప్పేటప్పుడు తల్లులు కొంచెం ఆగుతారు, తొందరపెట్టకండి. పెళ్లి చేసుకోనివాళ్లను, కులం దాటి చేసుకుని ఇంటికి దూరమైనవాళ్లను కూడా రాయండి. మా కాగితం మీద అలాంటి పేర్లు రెండు మూడు వచ్చాయి. వాళ్లకు ఫోను చేసి చెప్పే పని నేనే తీసుకున్నాను.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. బాసరలోనో, ధర్మపురిలోనో, కాళేశ్వరంలోనో, భద్రాచలంలోనో, రాజమండ్రిలోనో మనవాళ్లు లక్షలాదిమంది రేవు దిగుతారు. ఒడ్డున కూర్చున్న పంతులుగారు ఒక్కొక్కరినీ పేర్లు అడుగుతారు. తండ్రివైపు చెప్పాక తల్లివైపు అడుగుతారు. మేనత్తల సంగతి, అక్కచెల్లెళ్ల సంగతి అడుగుతారు. జవాబులు తెలిసినవాళ్లు ఇంకా మన ఇళ్లలోనే ఉన్నారు. ఈ కార్యక్రమం కూడా వింటూ ఉండవచ్చు. రేడియో కట్టేశాక వాళ్ల దగ్గరికి ఒక కాగితం తీసుకుని వెళ్లండి.